జబ్బులేని మనుషులు కావాలి

ముప్పై ఆరేళ్ల వయసులో నేను మళ్లీ విద్యార్థినయ్యాను. ఎంబీబీఎస్ అయ్యాక పెళ్లి, కూతురు, ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరు ఉద్యోగం, వీటితోనే పదేళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ తర్వాత, ఇంక రాదనుకున్న పీజీ సీటు ఫిజియాలజీలో వచ్చింది. క్లాసులో నాతో చదివేవాళ్లంతా నన్ను అక్కా అని పిలిచేవారు. విజయనగరంలో మా ఇంట్లో అమ్మ, నేను, మా ఆయన, పాప ఉండేవాళ్లం. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మాది తాతల కాలం నుంచీ బాప్టిస్టు చర్చి కుటుంబం. ఆదివారం చర్చి మానడం మా ఇంట్లో జ్వరం వస్తే తప్ప జరగదు.

రెండో ఏడాది, అంటే రెండువేల పద్నాలుగులో, థీసిస్ పని మొదలుపెట్టాలి. మా గైడు మేడం గుంటూరు వైపు మనిషి. చాలా తక్కువ మాట్లాడేది. ఒకరోజు నన్ను పిలిచి, "పొట్టకీ మెదడుకీ మధ్య నరాల దారి ఉందని పాఠం చెబుతున్నాం కదా. దాన్ని పట్టుకుని ఏదైనా చెయ్యి" అంది. ప్రొబయోటిక్ అన్న మాట అప్పుడప్పుడే మా మందుల షాపుల్లో వినపడుతోంది. పొట్టకు మేలు చేసే బ్యాక్టీరియాను మాత్రలో పెట్టి ఇవ్వడమన్నమాట. అది వేసుకుంటే అరుగుదల బాగుంటుందని కొందరు, బుర్ర కూడా చురుకవుతుందని ఇంకొందరు చెబుతున్నారు. ఇందులో నిజమెంతో చూద్దామనుకున్నాను. అదీ రోగుల్లో కాదు, ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో.

పద్ధతి కష్టమైందేం కాదు. వచ్చినవాళ్లలో సగంమందికి నిజమైన మాత్ర, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్ర. ఎవరికి ఏది వెళుతోందో వాళ్లకీ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. ఆ వివరం ఫార్మకాలజీలో ఒక్క మేడం దగ్గరే ఉంటుంది. మొదట్లో ఒకసారి, దాదాపు మూడు నెలల తర్వాత ఇంకోసారి జ్ఞాపకశక్తికీ ఏకాగ్రతకీ పరీక్షలు పెట్టాలి. పొట్ట ఉబ్బరం, గ్యాసు, విరేచనం ఎలా ఉన్నాయో వారం వారం అడగాలి. మనుషుల మీద పరీక్షలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ సరేనంది.

కష్టమంతా మనుషుల దగ్గర వచ్చింది. నాతోపాటు చదివే ఒకతను నవ్వి, "అక్కా, రోగులైతే నీ గుమ్మం ముందు క్యూ కడతారు. ఒంట్లో బాగున్నవాడు నీ మాత్ర ఎందుకు మింగుతాడు?" అన్నాడు. కాలేజీ నోటీసు బోర్డులో కాగితం పెట్టాను. దాని కింద ఎవరో పెన్నుతో, "ఇక్కడ జబ్బులేని వాళ్లెవరూ లేరు" అని రాసిపోయారు.

ఇంట్లో చెబితే అమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

"ఏటే, బాగున్నోలకి మందులేటి? ఎవులైనా నవ్విపోతారు" అంది.

అయినా ఆ ఆదివారం మా పాస్టరు గారిని అడిగి, ఆరాధన అయ్యాక అయిదు నిమిషాలు తీసుకున్నాను. బ్యాక్టీరియా అంటే ఏమిటో, పేగుల్లో అవి ఎలా ఉంటాయో, పరీక్ష ఎలా చేస్తామో అంతా వివరంగా చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. పాప లాంటి చిన్నపిల్లలు బెంచీల మీద నిద్రపోయారు. అయ్యాక ఒక్కొక్కరే వచ్చి, "వందనాలమ్మా, బాగా సెప్పినావు" అని చెయ్యి కలిపి వెళ్లిపోయారు. ఒక్కరు కూడా పేరివ్వలేదు.

ఇంటికి వచ్చే దారిలో అమ్మ అంది: "నువ్వు వాక్యం సెప్పినట్టు సెప్పినావు. ఆల్లు ఇన్నారు, ఆమేన్ అనుకున్నారు, ఎల్లిపోనారు. నీకు మనిసి కావాలంటే మనిసినడగాల గాని, గుంపునడిగితే ఎవులొస్తారు?"

ఆ మాట విన్నాను. మా చర్చిలో పాటలు నడిపించే టీచరమ్మ ఒకావిడ ఉంది. మునిసిపల్ స్కూల్లో తెలుగు చెప్పేది. నలభై అయిదేళ్లుంటాయి. ఆవిడ కన్నెత్తి చూస్తే పాటల బృందంలో, అంటే క్వాయర్‌లో, మగవాళ్లు కూడా శ్రుతిలోకి వచ్చేస్తారు. వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. ఈసారి పాఠం చెప్పలేదు. "మీ సాయం కావాలి టీచర్‌గారూ" అన్నాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"నీ మాత్రేసుకుంటే మా బేస్ గొంతు పాడేవాళ్లు పల్లవి మర్చిపోకుండా ఉంటారా?"

"అది తెలియకే కదండీ ఈ పరీక్ష."

"తెలియదని చెప్పావు గనక వస్తాను" అంది. ఆ పై ఆదివారానికి క్వాయర్ మొత్తం పేర్లిచ్చింది.

అది నా పనిలో సగం. మిగతా సగం కోసం నెల్లిమర్ల అవతల, మా కాలేజీవాళ్లు తరచూ వెళ్లే ఒక రైతుల ఊరికి వెళ్లాను. వరి, నువ్వులు, చోళ్లు అనే రాగులు పండించే కుటుంబాలు. సాయంత్రం పాలకేంద్రం దగ్గర జనం చేరతారని తెలిసి అక్కడికే వెళ్లాను. క్యాన్ల పక్కన అరుగు మీద ఒక పెద్దరైతు కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, పెద్ద మీసం, పెద్ద గొంతు. ఊళ్లో ఏం జరగాలన్నా ఆయన ఒక మాట అనాలి. నేను చెప్పింది విని మీసం దువ్వుకున్నాడు.

"డాక్టరమ్మా, నాం తెల్లారి లేస్తే సోడంబలి తాగుతాం. రేత్రి పులవబెట్టినది. పెరుగు సరేసరి. నువ్వు సెప్పిన ఆ మంచి పురుగులు అందులో లేవేటి?"

"ఉంటాయి బాబాయ్. కానీ ఏ రకం ఉందో, ఎంత ఉందో మనకి తెలీదు. మాత్రలో అయితే తెలుసు."

"అయితే అంబలి మానీమంటావా?"

"మానొద్దు. రోజూ తినేది రోజూలాగే తినండి."

"అదీ తాగి, ఇదీ మింగితే, పని సేసినాది అంబలో మాత్రో నీకెలగ తెలుస్తాది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం లోపల సంతోషం పొంగింది. ఎథిక్స్ కమిటీలో నన్నడిగిన ప్రశ్న ఇదే. అక్కడ నేను ఇంగ్లీషులో చాలాసేపు జవాబు చెప్పాను. ఇక్కడ ఆయన వెనకాల కనిపిస్తున్న మడులు చూపించాను.

"కొత్త ఎరువు వచ్చిందనుకోండి. అది మంచిదో కాదో ఎలా చూస్తారు? రెండు మడుల్లో ఒకటే విత్తనం వేస్తారు, ఒకటే నీళ్లు పెడతారు. ఒక మడిలో ఎరువు చల్లుతారు, రెండోదానిలో చల్లరు. మీరందరూ అంబలి తాగేవాళ్లే. సగంమందికి నా మాత్ర వెళుతుంది, సగంమందికి వెళ్లదు."

ఆయన వెనక్కి తిరిగి మడులవైపు చూశాడు.

"అయితే నన్ను మడిని సేస్తావన్నమాట. ఏ మడిని?"

"అది మీకూ తెలీదు, నాకూ తెలీదు."

"నీకూ తెల్దా?" ఆయన అరుగు దిగి అందరివైపూ తిరిగాడు. "ఇన్నారా? డాక్టరమ్మకే తెల్దంట! ఆవిడికే తెల్నప్పుడు మోసమేటుంటాది? రాసుకో నా పేరు."

ఆయన వెనక ఆయన భార్య, తమ్ముడు, పక్కింటివాళ్లు వరసగా వచ్చారు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లను, ఏ మందులూ వాడనివాళ్లను, ఒంట్లో నిజంగానే ఏ తేడా లేనివాళ్లను చూసి తీసుకున్నాను. నాకు కావలసినంతమంది దొరికారు. మర్నాడు కాలేజీకి వెళ్లి, గైడు మేడంకి చెబితే ఆవిడ "ఊఁ" అంది. ఆవిడ "ఊఁ" అంటే పండగన్నట్టే.

మొదటి పరీక్షలు చర్చి సండే స్కూలు గదిలోనూ ఊళ్లో బడిలోనూ పెట్టాం. నేను అంకెలు చదివితే వాళ్లు వెనక నుంచి ముందుకు చెప్పాలి. కొన్ని మాటలు చదివితే కాసేపయ్యాక గుర్తు తెచ్చుకోవాలి. ఇంకో పరీక్షలో రంగుల పేర్లు వేరే రంగుల సిరాతో అచ్చువేసి ఉంటాయి. "పచ్చ" అన్న మాట ఎర్రసిరాతో ఉంటే, మాట చదవకుండా రంగు చెప్పాలి. మెదడు తడబడుతుంది. ఎంత తక్కువ తడబడితే అంత ఏకాగ్రత ఉన్నట్టు. వీటిని తెలుగులోకి మార్చడంలో టీచరమ్మే సాయం చేసింది. రైతుగారి భార్య ఆ కాగితం చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "ఎర్రసిరాతో పచ్చ అని రాసినారు. రాసినోడికి సదువు రాదేటి?" అంది. పరీక్ష పెడుతున్న నేను నవ్వకూడదు. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

మాత్రలు చల్లగా ఉంచాలి. అందులో బతికున్న బ్యాక్టీరియా ఉంది గనక వేడికి చచ్చిపోతుంది. స్టాకంతా మా డిపార్టుమెంటు ఫ్రిజ్‌లో ఉండేది. వారానికి సరిపడా మాత్రం ఇళ్లకి ఇచ్చేవాళ్లం. అంతకంటే ఎక్కువ కాలం బయట ఉంచకూడదు. వారం వారం నేను చర్చికీ ఊరికీ వెళ్లి, కొత్త సీసాలిచ్చి, పొట్ట సంగతులడిగి వచ్చేదాన్ని. పెద్దరైతు మొదటి నెలకే మారిపోయినట్టు చెప్పాడు.

"బుర్ర పరిగెడతన్నాది డాక్టరమ్మా! మా మేనత్త మనవల పేర్లన్నీ పుట్టిన వరసలో సెప్పీగల్ను. ఫోను నంబర్లు సూడకుండానే నొక్కుతన్నాను. నాకిచ్చినది అసలు మాత్రే. ఇంకేటి సూడక్కర్లేదు."

టీచరమ్మ మాత్రం ప్రతివారం ఒకే మాట. "బుర్రకేమీ తేడా తెలియడం లేదమ్మా. పొట్ట మాత్రం తేలిగ్గా ఉంది. మునుపు భోజనమయ్యాక పాఠం చెప్పాలంటే ఒకటే బరువుగా ఉండేది."

ఇద్దరి మాటలూ రాసుకున్నాను. ఏదీ నమ్మకూడదు, ఏదీ కొట్టెయ్యకూడదు. చివరిదాకా అలా ఉండడం చాలా కష్టం.

అక్టోబరులో తుఫాను వచ్చింది. వస్తుందని రేడియోలో, టీవీలో చెబుతూనే ఉన్నారు. కానీ అలా వస్తుందని మేమెవరం అనుకోలేదు. ఆదివారం పొద్దుటినుంచీ గాలి. చర్చి పెట్టలేదు. మధ్యాహ్నానికి కిటికీ తలుపులు లోపలికి వంగాయి. ఎదురింటి మేడ మీది నీళ్ల ట్యాంకు ఎగిరి రోడ్డు మీద పడి దొర్లింది. అమ్మ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని కీర్తన పాడుతూనే ఉంది. గాలి హోరులో నాకు ఆవిడ పెదవులు కదలడమే కనిపించింది గానీ పాట వినపడలేదు. మర్నాడు తలుపు తీస్తే మా వీధి మాకే కొత్తగా ఉంది. చెట్లన్నీ పడుకున్నాయి. స్తంభాలు విరిగిపోయాయి. కరెంటు లేదు, ఫోను లేదు.

మా ఆయన మిల్లులో ఆఫీసు ఉద్యోగి. మిల్లు ఆగిపోయింది. "పద, మీ కాలేజీ చూసొద్దాం" అన్నాడు. పడిన చెట్ల దగ్గర బండి దిగి, ఇద్దరం దాన్ని ఎత్తి అవతల పెట్టి, మళ్లీ ఎక్కి, అలా వెళ్లాం. గైడు మేడం క్వార్టర్స్‌లోనే ఉంటుంది కాబట్టి అప్పటికే డిపార్టుమెంటులో ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, గదిలోకొచ్చిన నీళ్లు తోస్తోంది. ఫ్రిజ్ ఇంకా చల్లగానే ఉంది.

"జనరేటరుకి ఉన్న డీజిల్ వార్డులకే సరిపోదు" అంది మేడం. "కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇవి పాడైతే ఏమవుతుందో తెలుసుగా?"

తెలుసు. మాత్రలో బ్యాక్టీరియా చచ్చిపోతే నిజమైన మాత్రకూ పిండి మాత్రకూ తేడా ఉండదు. రెండు మడుల్లోనూ ఎరువు లేనట్టే. అన్ని వారాల పని వృథా. కొత్త స్టాకు తెప్పించే దారి లేదు, మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

"ఇంటికి తీసుకెళ్తాను మేడం" అన్నాను.

సీసాలన్నీ సంచుల్లో పెట్టుకుని వచ్చాం. అమ్మ అటక మీంచి పెద్ద థర్మోకోల్ డబ్బా దింపించింది. సీసాలకు తడి తగలకుండా కవర్లు చుట్టి, నడుమ గుడ్డలు పేర్చి, చుట్టూ ఐసు పెట్టడానికి చోటు వదిలింది. మా ఆసుపత్రిలో టీకామందులు ఇలాగే ఊళ్లకు మోసేవాళ్లం అంది. చోటైతే ఉంది, ఐసే లేదు. విజయనగరంలో ఎక్కడా లేదు. శ్రీకాకుళం దాటితే నరసన్నపేట వైపు కొన్నిచోట్ల కరెంటు ఉందని ఎవరో లారీ డ్రైవరు చెప్పాడట. మా ఆయన ఇంకో డబ్బా బండి వెనక కట్టుకుని బయల్దేరాడు.

"జాగ్రత్త" అన్నాను.

"మీ పురుగులకేం కానివ్వను" అన్నాడు.

పొద్దుగూకే వేళకి ఒళ్లంతా బురదతో, డబ్బా నిండా ఐసుతో వచ్చాడు. దారిలో రెండుచోట్ల చెట్లు కొడుతున్నవాళ్లతో కలిసి తనూ దుంగలు లాగాడట. డబ్బాలో ఏముందని అడిగినవాళ్లకి మందులని చెప్పాడట. అందరూ ముందు పోనిచ్చారట. ఆ వారమంతా ఆయనకదే పని. ఐసు కరిగేలోపు మళ్లీ వెళ్లేవాడు. డబ్బాలో అమ్మ పెట్టిన థర్మామీటరు ముల్లు ఉండాల్సిన గీత దాటలేదు.

మాత్రలు బతికాయి. కానీ వాటిని పంచాల్సిన రోజు దగ్గరపడింది. నెల్లిమర్ల వైపు ఊరి రోడ్లు ఇంకా తెరుచుకోలేదు. ఫోన్లు కలవడం లేదు. అక్కడ ఎవరి ఇల్లుందో, ఎవరి ఇంటికి పైకప్పు ఎగిరిందో కూడా తెలియదు. అలాంటప్పుడు ఎవరైనా మాత్ర గురించి ఆలోచిస్తారా? అలా ఆలోచించమని అడగడం కూడా తప్పేమో అనిపించింది. గైడు మేడం మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంతటితో ఆపేద్దామా? ఇందులో మన తప్పేం లేదు. ఎవరూ ఏమీ అనరు."

"పంచే రోజు పోనివ్వండి మేడం. ఆ రోజు ఎవరూ రాకపోతే ఆపేద్దాం" అన్నాను.

ఆ రోజు పొద్దున్నే డబ్బా పట్టుకెళ్లి డిపార్టుమెంటు వరండాలో కూర్చున్నాను. ఎండ మామూలుగా కాస్తోంది, ఏమీ జరగనట్టు. కాలేజీ ఆవరణలో చెట్టన్నది లేకపోవడంతో గేటు దాకా తేటగా కనిపిస్తోంది. చాలాసేపు ఎవరూ రాలేదు. మేడం ఒకసారి వచ్చి చూసి లోపలికి వెళ్లింది. డబ్బా మూసి ఇంటికి పోదామని లేచాను.

అప్పుడు ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

గేటులోంచి ట్రాక్టరు లోపలికి వచ్చింది. నడిపేది పెద్దరైతు. వెనక ట్రక్కులో మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య గొడ్డళ్లు, రంపాలు, ఖాళీ నీళ్ల క్యాన్లు, డీజిల్ డబ్బాలు. ఆయన ట్రాక్టరు ఆపకముందే అరిచాడు.

"డాక్టరమ్మా! మాత్రలున్నాయా పోనాయా?"

డబ్బా మూత ఎత్తి చూపించాను.

"ఉన్నాయిరా!" అని వెనక్కి తిరిగి అరిచాడు. ట్రక్కులో వాళ్లంతా ఈల వేసినట్టు కేకలు పెట్టారు.

"రోడ్డు తెరిచారా బాబాయ్?"

"ఎవులు తెరుస్తారు? నామే కొట్టుకొచ్చీసినాం. బియ్యానికీ కిరసనాయిలుకీ ఎలాగూ రావాల గదా. సీసాలో మాత్రలు నిన్నటితో అయిపోనాయి. మద్దిలో ఆపీస్తే నీ లెక్క పాడైపోతాదని మా ఆడది ఒకటే పోరు."

ఆయన భార్య ట్రక్కు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇంటి రేకులన్నీ పోయాయట, అరటి తోట మొత్తం పడుకుందట. అది రెండు మాటల్లో చెప్పేసి, సీసా కోసం చెయ్యి చాపింది. అందరూ వరసలో నిలబడ్డారు. ఒకావిడ రాలేదు. గోడ కూలి చెయ్యి విరిగింది. ఆవిడ మరిది వచ్చాడు.

"ఆవిడికి ఎలా ఉంది? ఇప్పుడు మాత్ర వద్దులెండి" అన్నాను.

"కట్టు కట్టినారు, బాగానే ఉన్నాది. సెయ్యి ఇరిగింది గాని నోరు బాగానే ఉన్నాది, మింగుతాను తెమ్మంది" అన్నాడు.

ఆ మరిదిని అడిగి, ఆవిడ వాడుతున్న నొప్పి మాత్రల పేర్లు కనుక్కుని, మేడం సరేనన్నాక ఇచ్చాను.

వాళ్లింకా వరండాలో ఉండగానే గేటులోంచి టీచరమ్మ వచ్చింది. క్వాయర్‌లో సగంమంది ఆవిడ వెనక నడిచి వస్తున్నారు. మిగతావాళ్ల సీసాలు కూడా తమకే ఇమ్మని చీటీలు తెచ్చారు. ఊరివాళ్లూ చర్చివాళ్లూ అప్పటిదాకా ఒకరినొకరు చూసుకోలేదు. వరండాలో ఒకరి సీసాలు ఒకరికి చూపించుకుంటూ, నాకే పరీక్ష కష్టమైందంటే నాకే కష్టమైందని మాట్లాడుకుంటున్నారు. గైడు మేడం గుమ్మంలో నిలబడి కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

అలా చివరి వారం దాకా లాక్కొచ్చాం. రెండో పరీక్షలు పెట్టాక, ఫార్మకాలజీ మేడం ఎవరికి ఏది వెళ్లిందో చదివి వినిపించింది. లెక్కలన్నీ నేనూ మా గైడు మేడమూ విడివిడిగా చేసి, పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఒకటే వచ్చింది.

పొట్టకు మేలు కనిపించింది. నిజమైన మాత్ర వేసుకున్నవాళ్లలో ఉబ్బరం, గ్యాసు తగ్గాయి. విరేచనం సాఫీగా అయింది. పిండి మాత్ర వాళ్లలో అంత తేడా లేదు. బుర్ర సంగతికొస్తే రెండు గుంపులకీ మధ్య తేడా ఏమీ కనిపించలేదు. రెండు గుంపులూ రెండోసారి పరీక్ష మొదటిసారి కంటే బాగానే రాశారు. అది మాత్ర గొప్ప కాదు, ఒకసారి చేసిన పని రెండోసారి తేలికవడం.

నాతో చదివే అతను థీసిస్ పేరులోంచి బుర్ర సంగతి తీసెయ్యమన్నాడు. "పొట్టలో గెలిచావు. అంతవరకే చెప్పుకో అక్కా" అన్నాడు. మంచికే చెప్పాడు. నేను వినలేదు. రోడ్డు కొట్టుకుంటూ వచ్చినవాళ్లు రెండు ప్రశ్నలకి వచ్చారు. రెండు జవాబులూ వాళ్లకి ఇవ్వాలి.

ఇచ్చాను కూడా. మా చర్చి హాల్లో అందరినీ పిలిచాం. ఊరివాళ్లు ట్రాక్టరులోనే వచ్చారు. అమ్మ, టీచరమ్మ కలిసి పులిహోర చేయించారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మీ ఇంతమందిలో మేము చూసింది ఇది, లోకమంతటికీ ఇదే అని చెప్పలేను అని కూడా చెప్పాను. ఆ తర్వాత ఎవరికి ఏ మాత్ర ఇచ్చామో తెలుసుకోవాలనుకున్నవాళ్లు అడగొచ్చన్నాను. అందరికంటే ముందు పెద్దరైతు లేచాడు.

"నాకు అసలుదే గదా?"

"కాదు బాబాయ్. మీకు పిండి మాత్ర."

ముందు ఆయన భార్య నవ్వింది. ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది. దాంతో హాలు హాలంతా పడీపడీ నవ్వింది. ఆయన మాత్రం తలవంచి మీసం దువ్వుకున్నాడు. తర్వాత తలెత్తి, ఛాతీ విరిచి, గొంతు సవరించుకున్నాడు.

"అయితే మా మేనత్త మనవల పేర్లన్నీ నా సొంత బుర్రతోనే సెప్పినానా?"

"మీ సొంత బుర్రతోనే."

"ఇంకేటి మరి!" అన్నాడు చేతులు చాపి. "పిండితోనే ఇలగున్నానంటే నా బుర్ర ఎంత గట్టిదో సూడండి!"

చప్పట్లతో హాలు పైకప్పు రేకులు దద్దరిల్లాయి. టీచరమ్మకి నిజమైన మాత్ర వెళ్లిందని చెబితే, "నేను చెప్పలేదూ, పొట్ట తేలికైందని!" అని ఆవిడ అందరివైపూ చూసింది. తర్వాత క్వాయర్ పాడింది. బేస్ పాడేవాళ్లు ఒకచోట పల్లవి మర్చిపోయారు. ఆవిడ కోప్పడలేదు, తనే అందుకుంది.

మరుసటి ఏడాది వైవా జరిగింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన. నెమ్మదిగా పేజీలు తిప్పుతూ చాలా ప్రశ్నలడిగారు. చివరికి థీసిస్ మూసి, "తుఫానులో ఐసు మోయించి మరీ ఇంత కష్టపడ్డావు. ఆలోచనకి తేడా ఏమీ లేదని చెప్పడానికా?" అన్నారు.

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు.

"అవును సార్. సగంలో ఆపేసి ఉంటే తేడా లేదో, మేం చూడలేకపోయామో తెలిసేది కాదు. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను."

ఆయన మళ్లీ థీసిస్ తెరిచారు. ఒక పేజీలో వేలు పెట్టి, "మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది? ఇక్కడ సున్నా అని ఉంది. అచ్చు తప్పా?" అని అడిగారు.

"కాదు సార్. ఎవరూ మానలేదు."

"ఆ తుఫానులో కూడా?"

"ఆ తుఫానులో కూడా సార్."

ఆయన మా గైడు మేడం వైపు చూశారు. ఆవిడ తలూపింది. ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల మీదుగా చెయ్యి చాపి, నా చెయ్యి గట్టిగా ఊపారు. "నలభై ఏళ్లుగా థీసిస్‌లు చూస్తున్నానమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆ సున్నా చుట్టూ పెన్నుతో గీత గీశారు.

బయటికి వస్తే వరండాలో అమ్మ, మా ఆయన, పాప నిలబడి ఉన్నారు. నా ముఖం చూసి అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మా ఆయన పాపను ఎత్తి గాల్లో తిప్పాడు. మేడం వెనకనుంచి వచ్చి, తన జీవితంలోనే అతి పొడవైన ప్రసంగం చేసింది: "చాలా బాగా చెప్పావు. నాకు గర్వంగా ఉంది."

నేను ఫోను తీసి పెద్దరైతుకి చేశాను. సాయంత్రం పాలు పోసే వేళ. అవతల క్యాన్ల చప్పుడు వినిపిస్తోంది.

"బాబాయ్, పాసయ్యాను!"

"నువ్వొక్కదానివేనేటి?" అన్నాడాయన. "మనందరం పాసయినాం." ఆ వెంటనే ఫోను చెవికి దూరంగా పెట్టి, పాలకేంద్రమంతా వినపడేలా అరిచాడు: "ఒరే, పాసయిపోనాంరా!"